గేటు దగ్గర బర్రె, గాలిలో బోనస్

ముందే చెప్పేస్తున్నాను, ఇది నా పరువు పోయిన కథ. ఏదో కొంచెం పోవడం కాదు, పైసాతో సహా పోయింది. నలభై రెండు మంది కార్మికులు, ఒక యజమాని, ఒక బ్యాంకు ఆఫీసరు, ఒక వాచ్‌మన్, ఒక బర్రె, దాని దుడ్డె (దూడే లెండి), ఇంతమంది ఎదుట పోయింది. మీరు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు. నేనూ ఇప్పుడు నవ్వుతూనే రాస్తున్నాను. అప్పుడు మాత్రం స్టోర్ రూములో అట్టపెట్టెల వెనక కూర్చుని ముక్కు చీదుకున్నాను.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. సంగారెడ్డిలో బీకాం కంప్యూటర్స్ పూర్తిచేసి, ఇస్నాపూర్ దగ్గర టానిక్ సీసాలకు మూతలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో అకౌంట్స్ అసిస్టెంటుగా చేరాను. అసిస్టెంటు అంటే నా పైన ఇంకెవరో ఉన్నారనుకునేరు. లేరు. నేను ఎవరికి అసిస్టెంటునో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక టేబుల్, ఒక కంప్యూటర్, గట్టిగా అరిస్తే తప్ప తిరగని ఒక ఫ్యాన్, వీటి మధ్య నేను మహారాణిలా కూర్చునేదాన్ని. కంప్యూటర్ విషయంలో నన్ను మించినవాళ్లు జిల్లాలోనే లేరని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం ఏమిటని మాత్రం అడగకండి.

మా ఫ్యాక్టరీలో దసరా బోనస్ అంటే కవరు. యజమాని రాఘవ సారు పేరుపేరునా పిలిచి, కవరు చేతిలో పెట్టి, "పండుగ మంచిగ జేసుకోండ్రి" అనేవారు. ఆఫీసువాళ్లు, మిషన్‌వాళ్లు, ప్యాకింగ్‌వాళ్లు అనే తేడా లేకుండా అందరికీ సమానంగా పన్నెండు వేలు. ఆ ఏడాది సారు కొత్త పద్ధతి పెట్టారు. కవర్లు బంద్, బోనస్ నేరుగా బ్యాంకు ఖాతాల్లోకి. అది సవ్యంగా జరిగితే వచ్చే నెల నుంచి జీతాలు కూడా అలాగే.

"సుజాతా, నీతోని అయితదా? పోయినేడాది దాక కవర్లు గూడ నేనే నింపిన" అన్నారు సారు.

"సార్, గంట పని" అన్నాను.

"తొందరేం లేదు. జెర నిమ్మళంగ జెయ్."

"గంట గూడ ఎక్కువే సార్. అర్ధగంట."

చూశారా, అక్కడే నా నోటికి తాళం వేయాల్సింది. వేసేవాళ్లు లేక, మధ్యాహ్నం అన్నాల వేళ షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి ఉపన్యాసం కూడా ఇచ్చాను. "గురువారం సాయంత్రం నాలుగింటికి బటన్ నొక్కుత. మీరు చాయ్ తాగి గ్లాస్ కింద పెట్టేలోపల మీ ఫోన్లు టింగుమంటయ్."

"కవర్ల ఇస్తె లెక్కవెట్టుకుంటం. ఫోన్ల వడ్డయి ఎట్ల లెక్కవెట్టుకోవాలె మేడమ్?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"లెక్క నేను పెట్టిన తర్వాత మళ్ల మీరెందుకు పెడ్తరు?" అన్నాను. అందరూ నవ్వారు. నా తెలివికి ముగ్ధులై నవ్వారనుకున్నాను.

అన్నాలయ్యాక సత్తెమ్మక్క నా టేబుల్ దగ్గరకు వచ్చింది. తొమ్మిదేళ్లుగా ప్యాకింగులో మూతల డబ్బాలు మోస్తున్న మనిషి. ఆ మోతకు నడుం పట్టేసి, కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చేది. ఆమెకు ఒకటే కోరిక, ఒక పాడి బర్రెను కొనుక్కుని ఈ డబ్బాల మోత మానేయడం. తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లకు రోజూ పొద్దున ఇస్నాపూర్ నుంచి పాల ఆటో వెళుతుంది. నీళ్లు కలపని పాలంటే అక్కడివాళ్లు ఎంతైనా ఇస్తారట. ఆటోవాడితో మాట కూడా అయిపోయింది.

"సుజాతమ్మా, గురువారం నాలుగింటికి పక్కానా?"

"పక్కా సత్తెమ్మక్కా."

"నువ్వు పక్కా అంటెనే పటేలుకు మాట ఇస్త. కంది ఊరి నర్సింలు పటేలు బర్రె. దుడ్డెతోని కలిపి డెబ్బై వేలకు బేరమైంది. మహిళా సంఘంల లోన్ దీసి యాభై ఎనిమిది ఇచ్చిన. ఇంక పన్నెండు వేలు బాకీ. శనివారం పొద్దుగూకే లోపట ఇయ్యకుంటె నా పైసలు నాకు వాపస్ ఇచ్చి బర్రెను ఇంకొకలకు ఇస్తడట. జహీరాబాద్ దిక్కు ఆయనెవరో డెబ్బై అయిదుకు రడీగ ఉన్నడు. ఆదివారం పొద్దుగాల బండి దీస్కొని వస్తడట."

"శనివారం దాక ఎందుకక్కా? గురువారమే బర్రెను దోల్కొని రమ్మను. గేటు కాడ పైసలు దీస్కొని పోతడు. నువ్వు అటునుంచి అటే ఇంటికి కొట్టుకపో."

ఆమె ముఖం వెలిగిపోయింది. "నీ నోట్ల శక్కెర వొయ్య" అంటూ వెళ్లింది. ఆ చక్కెర ఏ మాత్రం ఖర్చు కాలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీకు కొంచెం బ్యాంకు సంగతి చెప్పాలి. భయపడకండి, నాకు తెలిసింది కూడా కొంచెమే. ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు డబ్బు పంపాలంటే ఖాతా నంబరు ఒక్కటే చాలదు, ఐఎఫ్ఎస్‌సీ అనే పదకొండు స్థానాల కోడ్ కూడా రాయాలి. మొదటి నాలుగు అక్షరాలు ఏ బ్యాంకో చెబుతాయి. తర్వాత ఒక సున్నా. మిగిలిన ఆరు అంకెలు ఏ ఊళ్లో ఏ బ్రాంచో చెబుతాయి. కోడ్ తప్పితే డబ్బు దారి తప్పి, పోయిన చోట ఎవరూ రానివ్వక వెనక్కి వస్తుంది.

మా వాళ్లందరివీ ఒకే బ్రాంచి ఖాతాలు. ఎందుకంటే ఎండాకాలంలో ఇస్నాపూర్ బ్రాంచివాళ్లు మా షెడ్డులోనే క్యాంపు పెట్టి, నాతో సహా నలభై మూడు మందికీ ఒక్కరోజే ఖాతాలు తెరిచారు. అంటే ఖాతా నంబర్లు వేరు, కోడ్ మాత్రం అందరికీ ఒకటే. ఇంత సులువైన పని ఇంకెక్కడైనా ఉంటుందా!

కంప్యూటర్‌లో షీట్ తెరిచి పేర్లు కొట్టాను. జాబితా తయారుచేసింది నేను కాబట్టి మొదటి పేరు నాదే పెట్టుకున్నాను. ఖాతా నంబర్లన్నీ పాస్‌బుక్కుల జిరాక్సులు చూసి ఒక్కొక్కటే కొట్టి రెండుసార్లు సరిచూశాను. ఇక కోడ్. నలభై మూడుసార్లు అదే కోడ్ కొట్టడానికి నేనేమన్నా చదువుకోనిదాన్నా? నా పేరు ఎదురుగా ఒక్కసారి కొట్టి, ఆ గడి మూలను మౌస్‌తో పట్టి కింద దాకా సర్రున లాగాను. నలభై మూడు గడులూ నిండిపోయాయి. కోడ్ ఉన్న కాలమ్ ఇరుకుగా ఉండి చివరి అంకెలు కనిపించడం లేదు. కనిపించినంత వరకు అన్నీ ఒకేలా ఉన్నాయి, ఇంకేం కావాలి? కోడ్‌ల పని పది సెకన్లలో పూర్తి. ఆదా అయిన ఇరవై నిమిషాలు గోళ్లరంగు వేసుకున్నాను.

గురువారం మూడున్నరకు గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది. అందులోంచి నల్లగా నిగనిగలాడే బర్రె దిగింది, వెనకే దుడ్డె దిగింది, ఆ వెనక భుజం మీద తువ్వాలతో నర్సింలు పటేలు దిగాడు. ట్రాలీ కిరాయి ఇచ్చి పంపేశాడు. సత్తెమ్మక్క బర్రెకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. ప్యాకింగ్ ఆడవాళ్లంతా గేటు దగ్గరే ఉన్నారు.

నాలుగింటికి సారు ఫోనుకు ఓటీపీ వచ్చింది, ఆయన చెప్పారు, నేను కొట్టాను, బటన్ నొక్కాను. కాసేపటికి నా ఫోన్ టింగుమంది. పన్నెండు వేలు జమ! ఫోన్ పైకెత్తి పట్టుకుని షెడ్డులోకి పరుగెత్తాను.

"వచ్చేసినయ్! వచ్చేసినయ్! అందరు చూస్కోండ్రి!"

చప్పట్లు మోగాయి. తర్వాత నలభై రెండు మంది తలలు వంచి ఫోన్లలోకి చూశారు. చూశారు. ఇంకా చూశారు. ఒక్క ఫోన్ కూడా కిక్కురుమనలేదు.

"నాకు రాలె."

"నాకు గూడ రాలె మేడమ్."

"నెట్‌వర్క్ ఉండదిక్కడ, రేకుల షెడ్డు గదా. బయటకు నడువుండ్రి" అన్నాను. నలభై రెండు మందీ బయటకు వచ్చి ఫోన్లు ఆకాశానికి చూపిస్తూ నిలబడ్డారు. బర్రె కూడా తలెత్తి చూసింది.

చాయ్ గ్లాసులు కింద పెట్టారు, మళ్లీ తాగారు, మళ్లీ పెట్టారు. ఆరున్నరకు నా కంప్యూటర్‌లో ఒకదాని వెనక ఒకటి ఎర్రటి వరుసలు మొదలయ్యాయి. వాపస్. వాపస్. వాపస్. కారణం అన్న చోట కొన్నింటికి చెల్లని కోడ్ అని, కొన్నింటికి ఆ ఖాతా ఇక్కడ లేదు అని ఉంది. నలభై రెండు చెల్లింపులూ తిరిగి వచ్చేశాయి. చెల్లింది నాది ఒక్కటే.

"బ్యాంకోళ్ల తప్పు. సర్వర్ డౌన్ ఉన్నట్టుంది. రేపు పొద్దున పక్కా" అని ప్రకటించాను.

పటేలు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "బిడ్డా, ట్రాలీని పంపేసిన. మల్ల పిలిస్తె మల్ల కిరాయి. ఈ జీవాన్ని ఏం జెయ్యమంటవ్?"

చేయడానికేముంది, గేటు పక్కన స్తంభానికి కట్టేశారు. వాచ్‌మన్ ప్రధాన్‌ది ఒడిశా. "మేడమ్, ఏ భీ మేరా డ్యూటీ హై క్యా?" అని, దీన్ని కాయడం కూడా తన పనేనా అన్నట్టు అడిగాడు. సత్తెమ్మక్క గడ్డి తెచ్చి వేసింది. పాలు పితికే వేళకు ఇంకో పంచాయితీ లేచింది. గడ్డి వేసిన సత్తెమ్మక్కవా పాలు, ఇంకా పూర్తి పైసలు అందని పటేలువా? అరగంట వాదించుకుని, ఎవరికీ వద్దని క్యాంటీన్‌కు ఇచ్చేశారు. మా ఫ్యాక్టరీ చరిత్రలో అంత చిక్కటి చాయ్ లేదని అందరూ చెప్పారు. నాకు తెలియదు, నాకు ఎవరూ పోయలేదు.

శుక్రవారం పొద్దున్నే, మా ఫ్యాక్టరీ ఖాతా ఉన్న పటాన్‌చెరు బ్యాంకుకు ఫోన్ చేసి యుద్ధం మొదలుపెట్టాను.

"మా పైసలు ఎందుకు వాపస్ పంపినరండి?"

"మేం పంపలేదమ్మా, అవతలి బ్యాంకు పంపింది. కోడ్ తప్పు అని వచ్చింది. చూసుకోండి."

"అదే కోడ్‌తోని నాకు పడ్డయ్ గదండి! నాకు పడ్డంక కోడ్ తప్పెట్లయితది?"

అవతల ఏవో కాగితాలు తిరగేసిన చప్పుడు. "మీకు పడ్డాయా?"

"పడ్డయ్!"

"మరి మిగతావాళ్ల ఖాతా నంబర్లు చూసుకోండి."

నా తర్కం చూడండి, ఎంత పకడ్బందీగా ఉందో. కోడ్ అందరిదీ ఒకటే. నాకు డబ్బు వచ్చింది. కాబట్టి కోడ్ సరైనదే. కాబట్టి తప్పు కార్మికులది, తప్పు పాస్‌బుక్కు ఇచ్చి ఉంటారు. వెంటనే షెడ్డులోకి వెళ్లి అందరి మీదా విరుచుకుపడ్డాను. "పాస్‌బుక్కుల జిరాక్సులు మళ్ల తీయించుకొని రాండ్రి! ఒక్క అక్షరం గూడ మాయొద్దు!" పాపం, నలభై రెండు మందీ ఇస్నాపూర్ పోయి, తలా రెండు రూపాయలు పెట్టి జిరాక్సులు తెచ్చారు. ఆ రోజు ఆ జిరాక్సు దుకాణంవాడికి మాత్రం ముందే దసరా వచ్చింది.

ఖాతా నంబర్లు మళ్లీ సరిచూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అనుమానం ఎందుకని కొత్త షీట్ తెరిచాను. నా పేరు ఎదురుగా కోడ్‌ను ఈసారి ఒక్కొక్క అక్షరమే పైకి చదువుతూ కొట్టాను. మూడుసార్లు సరిచూశాను. కళ్లకు అద్దుకున్నాను. ఆ తర్వాత, మీరు ఊహించినట్టే, మౌస్‌తో మూల పట్టుకుని కింద దాకా సర్రున లాగాను.

నా పేరు ఎందుకు తీసేయలేదని అడుగుతారు. హడావిడిలో గుర్తు రాలేదు. సొంత పేరు కొట్టేయడానికి ఎవరికి మాత్రం చేయి వస్తుంది చెప్పండి.

సారు ఓటీపీ చెప్పారు, నేను నొక్కాను, టింగుమంది. నా ఫోనే. ఇంకో పన్నెండు వేలు.

ఈసారి నేను షెడ్డులోకి పరుగెత్తలేదు. కానీ ఆ టింగు మాత్రం గేటు దాకా వినిపించినట్టుంది, నేను తలెత్తేసరికి గుమ్మంలో పది మంది ఉన్నారు.

"మేడమ్, మల్ల మీకే పడ్డయా?"

"అది... శాంపిల్" అన్నాను.

"శాంపిల్ అంటె?"

"నాకు పడ్డయంటె మీకు గూడ పడ్తయ్ అన్నట్టు."

"నిన్న గూడ గట్లనే అంటిరి! మీకు రెండు బోనస్‌లు, మాకు రెండు జిరాక్సులా?"

ఆ మాటకు షెడ్డంతా గొల్లుమంది. సాయంత్రానికి ఎర్రటి వరుసలు మళ్లీ వచ్చాయి, ఎప్పటిలా నలభై రెండు. సారు నా వెనక నిలబడి స్క్రీన్ చూశారు, నన్ను చూశారు, కిటికీలోంచి గేటు వైపు చూశారు. అక్కడ బర్రె ఆయన ఎంతో ముచ్చటపడి పెంచుకున్న క్రోటన్ మొక్కలను ఒక్కొక్కటే రుచి చూస్తోంది.

"రేపు పొద్దుగాల బ్యాంకుకు పోయి కూసో. ఏంది సంగతి తెలుసుకోనిదె రాకు. నేను మా బామ్మర్ది పెండ్లికి పోతున్న, సోమవారం దాక ఉండ" అన్నారు. ఒక్క ముక్క తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నేను చెప్పిన స్టోర్ రూము ఘట్టం ఇదే. అట్టపెట్టెల వెనక కూర్చుని ఏడుస్తుంటే సత్తెమ్మక్క వచ్చింది. తిడుతుందనుకున్నాను. గోడ పట్టుకుని మెల్లగా నా పక్కన కూలబడింది.

"ఏడ్వకు బిడ్డా. నాకు సదువు లేదు, నీకున్నదని నీ మాట మీద పటేలుకు మాట ఇచ్చిన. నిన్న పొద్దుగాల ఈ డబ్బలు మోసుకుంట, ఇగ ఇవే ఆఖరు అనుకున్న. అంత సంబురమైంది. రేపు పొద్దుగూకె లోపట పైసలు రాకుంటె బర్రె పోతది. మల్ల గీ ధరకు గిసుంటి బర్రె నాకు ఎప్పుడు దొరకాలె, ఎన్నేండ్లు మొయ్యాలె? గదొక్కటే నా రంది."

నాకు సిగ్గేసింది. నా పరువు గురించి నేను ఏడుస్తున్నాను, ఆమె నడుం గురించి ఆమె అడుగుతోంది. ముక్కు తుడుచుకుని, "రేపు నాతోని బ్యాంకుకు రా అక్కా. వాళ్ల సంగతేందో ఇద్దరం కలిసి తేలుద్దాం" అన్నాను.

శనివారం పటాన్‌చెరు బ్యాంకు తెరవగానే ఇద్దరం కౌంటర్ ముందు ఉన్నాం. అక్కడున్న ఆఫీసరు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దమనిషి, కళ్లద్దాలు ముక్కు చివరన పెట్టుకుని ప్రపంచాన్ని వాటి మీదుగా చూస్తాడు. నేను గుక్క తిప్పుకోకుండా పది నిమిషాలు వాయించాను. పేదవాళ్ల సొమ్ము అన్నాను, పండుగ అన్నాను, పైవాళ్లకు రాస్తానన్నాను. ఆయన అంతా విని, "షీట్ తెచ్చినవా అమ్మా?" అని అడిగాడు.

పెన్‌డ్రైవ్ ఇచ్చాను. ఆయన షీట్ తెరిచాడు.

"కాలమ్ గింత ఇరుకు పెట్టినవేందమ్మా?" అంటూ దాని అంచు పట్టుకుని పక్కకు జరిపాడు. అప్పటిదాకా దాక్కున్న అంకెలన్నీ బయటపడ్డాయి. ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"నీ కోడ్ చివర రెండొందల పదిహేడు. రైట్, అది ఇస్నాపూరే. నీ కింద ఆయనది రెండొందల పద్దెనిమిది. ఆ కిందామెది పందొమ్మిది. ఇరవై. ఇరవై ఒకటి..." ఆగి నా వైపు చూశాడు. "గుంజినవా?"

"ఏంది సార్?"

"మౌస్ వట్టి కిందికి గుంజినవా?"

నా తల ఊగింది.

"చివర అంకె ఉన్నదాన్ని గుంజితె కంప్యూటర్ ఏమనుకుంటదమ్మా? వరుస నంబర్లు కావాల్నేమో అనుకొని ఒక్కొక్కటి పెంచుకుంట పోతది. నీ ఒక్కదాని కోడే అసలుది. మిగిలిన నలభై రెండు మందిని తలా ఒక ఊరికి తోలినవ్. వీటిల్ల కొన్ని బ్రాంచిలు మూతబడ్డయి, కొన్ని అసలు పుట్టనే లేదు. ఉన్న బ్రాంచికి పోయినయేమో, ఇక్కడ గీ ఖాతా లేదన్నరు. పాపం, పైసలు ఎక్కడుంటయి? వాపస్ వచ్చినయి."

సత్తెమ్మక్క ముందుకు వంగింది. "సారూ, నా పైసలు యాడికి పోయినయి?"

ఆయన పదిహేడో వరుసలో ఆమె పేరు చూసి, ఎదురుగా ఉన్న కోడ్‌ను ఇంకో చోట కొట్టి చూశాడు. "కేరళ. సముద్రం ఒడ్డున ఏదో ఊరు."

"రెండుసార్లా?"

"రెండుసార్లు."

సత్తెమ్మక్క ముక్కు మీద వేలేసుకుంది. "ఓ యవ్వ! నేను ఇంతవరకు చార్మినారే సూడలె. నా పైసలు రెండుసార్లు సముద్రం సూసొచ్చినయా!"

బ్యాంకంతా నవ్వింది. డబ్బు కట్టడానికి వచ్చినవాళ్లు నవ్వారు, తీసుకోవడానికి వచ్చినవాళ్లు నవ్వారు, తుపాకీ పట్టుకున్న గార్డు తుపాకీ గోడకు ఆనించి మరీ నవ్వాడు. నేను నా చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాను. ఆ చెప్పుల పట్టీలకు ఎన్ని కుట్లున్నాయో ఇప్పటికీ చెప్పగలను.

"ఇప్పుడే సరిచేసి పంపుత సార్" అన్నాను చివరికి.

"పంపు. మీ సారు ఓటీపీ చెప్పాలె గదా."

మా సారు బామ్మర్ది పెళ్లిలో ఉన్నారు. ఫోన్ కొడితే స్విచాఫ్. మళ్లీ కొట్టాను. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని పన్నెండుసార్లు కొట్టాను. ఆయన ఆ ఫోన్ ఆపేసింది నా వల్లేనని నాకు గట్టి అనుమానం.

తిరిగి ఫ్యాక్టరీకి వచ్చేసరికి మూడు దాటింది. పటేలు బర్రె పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. కోపం మనిషి కాదు, కానీ ఓపికకూ ఒక హద్దుంటుంది.

"సత్తెమ్మా, మూడు దినాలాయె. రేపు పొద్దుగాల ఆయన వస్తడు. ఇగ ట్రాలీకి ఫోన్ జేస్తున్న. నీ యాభై ఎనిమిది వేలు సోమవారం నీకు తెచ్చిస్త. ఏమనుకోకు."

సత్తెమ్మక్క వెళ్లి బర్రె మెడ మీద చేయి వేసి నిలబడింది. నా చేతిలో ఫోన్ ఉంది, ఫోన్‌లో నా ఖాతా ఉంది, ఖాతాలో ఇరవై నాలుగు వేలున్నాయి. అందులో పన్నెండు సారువి, వాటి జోలికి పోకూడదు. మిగిలిన పన్నెండు మాత్రం నావే. కొత్త స్కూటీకి మొదటి వాయిదా కట్టాలని ఆర్నెల్లుగా కలలుగంటున్న పన్నెండు.

"పటేలు తాతా, ఆగు! ట్రాలీకి ఫోన్ జెయ్యకు. ఆ పన్నెండు వేలు నేనిస్త. నీ ఖాతా నంబరు, కోడ్ చెప్పు, ఇప్పుడే కొడ్త."

పటేలు రెండు చేతులూ జోడించాడు. "నీకు దండం వెడ్త బిడ్డా, నువ్వు మాత్రం కొట్టకు. అవి యే దేశం పోతయో ఏమో. చేతిల పెడ్తె దీస్కుంట."

ఎవరి బండో అడుక్కుని ఇస్నాపూర్ ఏటీఎంకు పోయాను. మొదటి ఏటీఎంలో డబ్బులు లేవు. రెండోదాని ముందు చాంతాడంత లైను. ఆ లైనులో నిలబడి మొక్కని దేవుడు లేడు. నా వంతు వచ్చి నోట్లు చేతిలో పడేసరికి ఎండ తగ్గుముఖం పట్టింది. తిరిగొచ్చి పటేలు చేతిలో పెట్టాను. ఆయన వేలు తడి చేసుకుంటూ రెండుసార్లు లెక్కపెట్టాడు, ఒక నోటును వెలుతురుకు పెట్టి చూశాడు, బొడ్లో దోపుకున్నాడు. ఆ తర్వాత పలుపుతాడు సత్తెమ్మక్క చేతిలో పెట్టి, "సల్లగుండు" అన్నాడు.

సత్తెమ్మక్క ఏడుస్తూ నవ్వింది. షిఫ్టు దిగినవాళ్లంతా చప్పట్లు కొట్టారు. అయితే బర్రె కదిలితేగా! మూడు రోజులుగా సారుగారి క్రోటన్ మొక్కలు, క్యాంటీన్ కుడితి, ప్రధాన్ పెట్టే రొట్టెలు తిని దానికి ఫ్యాక్టరీ బాగా నచ్చేసింది. పర్మనెంటు ఉద్యోగిలా కాళ్లు తన్నిపెట్టి నిలబడింది. చివరికి దుడ్డెను ఎత్తుకుని ప్రధాన్ ముందు నడిస్తే, వెనక నుంచి పదిమంది తోస్తే, అది ఊరేగింపుగా ఇస్నాపూర్‌లోని సత్తెమ్మక్క ఇంటికి బయలుదేరింది.

సోమవారం సారు వచ్చాక జరిగిందంతా ఒప్పుకున్నాను. ఆయన నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నలభై మూడు కోడ్‌లూ చేత్తో కొట్టాను. కాలమ్‌ను స్క్రీన్ సగం వచ్చేదాకా వెడల్పు చేశాను. ఆయన ఒక్కొక్కటే చదివారు, ఓటీపీ చెప్పారు. నొక్కాను.

కాసేపటికి షెడ్డులో టింగు. ఇంకో టింగు. ఆ తర్వాత లెక్కలేనన్ని టింగులు. కేకలు, ఈలలు. నాకు ప్రాణం లేచివచ్చింది. సారు కూడా మొదటిసారి నవ్వారు.

అప్పుడు నా ఫోన్ టింగుమంది.

సారు నా వైపు చూశారు. నేను స్క్రీన్ వైపు చూశాను. మొదటి వరుసలో, నిండుగా, వెడల్పుగా, నా పేరు.

"సుజాతా," అన్నారు సారు చాలా మెల్లగా, "ఈ కంపెనీల నువ్వొక్కదానివే పని జేస్తున్నట్టు అనిపిస్తున్నదే నాకు."

ఎక్కువ పడ్డ ఆ రెండు బోనస్‌లూ ఆ పూటే సారుకు తిరిగి కట్టాను, ఆ చెక్కు మీద సంతకం మూడుసార్లు సరిచూసి మరీ. సాయంత్రం సత్తెమ్మక్క తన పన్నెండు వేలు ఏటీఎంలో తీసుకుని, కొంగున ముడేసుకుని తెచ్చి నా చేతిలో పెట్టింది. దానితో పాటు ఒక చెంబు నిండా పాలు.

"బర్రెకు పేరు వెట్టిన" అంది.

"ఏం పేరక్కా?"

"సుజాత."

చెంబు పక్కన పెట్టేశాను. "నా పేరెందుకక్కా దానికి?"

"ఏం జెయ్యాలె మరి? మూడు దినాలు అందరిని ఆగమాగం జేసింది. తన్నింది, గుంజింది, మొండికేసింది. గని ఆఖరికి పాలిచ్చింది."

ఆ నెలాఖరుకు ఆమె డబ్బాల మోత మానేసింది. ఇస్నాపూర్‌లో ఆ వీధి వైపు పోతే ఇప్పటికీ, "ఓ సుజాతా, కాలు దీయ్! సుజాతా, కుడితి తాగు!" అని వినిపిస్తుంది. నేను మాత్రం తల తిప్పకుండా ముందుకు నడుస్తాను.

అందుకే, చదువరులారా, మీ అందరి సాక్షిగా, నా బీకాం పట్టా మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ గడినీ మూల పట్టుకుని కిందికి లాగను. ఏ జాబితాలోనూ నా పేరు మొదట రాసుకోను. పని పూర్తి కాకముందు గంట అని గానీ, అరగంట అని గానీ, పక్కా అని గానీ నోరు జారను. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా, సత్తెమ్మక్క కొనబోయే రెండో బర్రెకు కూడా నా పేరే పెట్టుకోవచ్చు.